జాయింటు మీద నంబరు

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఉద్దానంలో ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా గల్ఫు నుంచో సింగపూరు నుంచో వచ్చిన వెల్డరో, రిగ్గరో, పైపు ఫిట్టరో తగులుతాడు. కాంట్రాక్టు ముగిశాక ఇంటికి రావడం, కొబ్బరి తోటలో నాలుగు రోజులు గడపడం, మళ్లీ పలాసలో రైలెక్కడం. ఈమధ్య వాళ్లలో కొందరి చూపు కెనడా, ఆస్ట్రేలియాల మీద పడింది. పెళ్లాం పిల్లలతో అక్కడే ఉండిపోవచ్చన్నది ఆశ. చిక్కు కూడా అక్కడే. గల్ఫు సప్లై కంపెనీ పైపు ముక్క చేతికిచ్చి పరీక్ష పెట్టి తీసుకుపోతుంది. ఈ దేశాలు మాత్రం ఇన్నేళ్లూ చేసిన పనికి రుజువు చూపించమంటాయి.

ఈ మాటలాడుకున్న ఇద్దరూ మేనమామ, మేనల్లుడు. మావది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. వెల్డరు. అల్లుడు టెక్కలిలో ఇంజనీరింగు చదివి, కాశీబుగ్గలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణం పెట్టుకున్నాడు. పేర్లు ఇవ్వడం లేదు. రెండు మూడు చోట్ల నేను మధ్యలో దూరాను, అంతే.

మావ: సూడు అల్లుడా, టెక్కలి షాపు కాయితం వొచ్చీసింది. ఇంక ఎక్కించీడమే.

అల్లుడు: ఎవరిచ్చారు మావా ఇది? ఆ షాపాయన పోయాడు కదా?

మావ: పోయినాడు, పాపం. ఉంటే నా మీద పేనం ఎట్టుకున్న మనిషి, అడిగిన రోజే రాసిచ్చీవోడు. ఏజెంటు లెటర్‌హెడ్ కొట్టించి సంతకం ఎట్టించినాడు. 2009 నుంచి నాలుగేళ్లు నాను ఆ షాపులో సేసినానా నేదా? గ్రానైట్ క్వారీల కాడ క్రేన్లకి, బకెట్లకి వెల్డింగ్ కొట్టింది ఎవులు?

అల్లుడు: నువ్వే. నేను కాదనను. కానీ ఈ కాగితం మీద తేదీ ఏమేశాడో చూశావా? 2013 మార్చి. అడుగున జీఎస్టీ నంబరుంది. జీఎస్టీ వచ్చిందే 2017 జూలైలో. పైన వృత్తి కోడు 72106 అని వేశాడు. ఆ అంకె ఉన్న కెనడా వృత్తుల పట్టిక 2022 నవంబరులో వాడుకలోకొచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత పుట్టబోయే కోడుని మీ షాపాయన ముందే కనిపెట్టీశాడన్నమాట.

మావ: నవ్వుతావేటి? తేదీ మార్పించీస్తాను.

అల్లుడు: ఏ తేదీ వేయిస్తావు? ఇవాళ్టి తేదీ వేస్తే పోయిన మనిషి సంతకం పెట్టినట్టు. అప్పటి తేదీ వేస్తే ఇలాగే దొరుకుతుంది. కింద పనుల జాబితా చూడు. కెనడా పట్టికలో వెల్డరుకి రాసిన వాక్యాలు కామాలతో సహా దింపాడు. నువ్వు కొట్టిన క్రేను, బకెట్టు, క్వారీ, ఒక్కటీ లేదు. రోజూ వందల ఉత్తరాలు చదివేవాడు నాలుగో వాక్యం దాకా రాడు.

మావ: ఏజెంటు అందరికీ ఇలగే సేస్తన్నాడట. పనులు నడుస్తన్నాయి కదా.

అల్లుడు: డబ్బు తీసుకుని కెనడా దరఖాస్తు నడపాలంటే అక్కడి లైసెన్సు ఉండాలి. లాయరన్నా అయి ఉండాలి, వాళ్ల కన్సల్టెంట్ల కాలేజీలో మెంబరన్నా అయి ఉండాలి. నీ ఏజెంటు నంబరు ఎంతో అడిగావా? దొరికిపోతే ఆయన కాడు, నువ్వు. తప్పుడు కాగితం పెట్టినవాడికి కెనడాలో ఐదేళ్లు తలుపు మూస్తారు. ఆస్ట్రేలియాలో మూడేళ్లు. 2023లో పంజాబు పిల్లల గొడవ వినలేదా? కాలేజీ సీటు కాగితం దొంగదని, చదువయ్యాక, ఉద్యోగాల్లో కూడా చేరాక బయటపడింది. కాగితం తయారుచేసినవాడు ఒకడు, దేశం దాటించేస్తామని నోటీసులందుకున్నవాళ్లు వేరొకళ్లు.

మావ: ఆ పిల్లల సీటు అబద్ధం. నా పని నిజం. రెండూ ఒకటేనేటి?

ఇక్కడ మావ పక్షాన ఒక మాట చెప్పాలి. అబద్ధానికి కాగితం పుట్టించడం వేరు, కాగితం లేని నిజానికి కాగితం పుట్టించడం వేరు అని ఉద్దానంలో నాకు ఎదురైన ప్రతి వెల్డరూ అనుకుంటాడు. న్యాయంగా చూస్తే తేడా ఉంది. చట్టంలో మాత్రం లేదు. చట్టం చూసేది కాగితం నిజమా కాదా అని. దాని వెనక ఉన్న చెయ్యి నిజమైనదైనా దానికి పట్టదు.

అల్లుడు: సరే, టెక్కలి పక్కన పెట్టు. అబుదాబి సంగతి చెప్పు. 2014 నుంచి 2017 దాకా కదా?

మావ: ఆడ మూడేళ్లు పైపులైను. సప్లై కంపెనీ. వీసా హెల్పరుది.

అల్లుడు: పనేమో వెల్డింగు.

మావ: ఎల్లిన రెండో నెలలోనే టెస్టు ఎట్టినారు. సిక్స్ జీ. పైపుని నలభై ఐదు డిగ్రీలు వాల్చి బిగించీస్తారు, తిప్పడానికుండదు. కింద, పక్కన, తల మీద, అన్ని పొజిషన్లూ ఒక్క జాయింటులోనే కొట్టాల. ఆర్గాన్‌తో రూటు, మీద రాడ్డు. మొదటి ఎక్స్‌రేకే పాసైపోనాను. ఆ రోజు నుంచి నా నంబరు డబ్ల్యూ 47. కొట్టిన ప్రతి జాయింటు పక్కన ఆ నంబరే. ఎక్స్‌రే ఫిల్ము మీదా ఆ నంబరే. ఇయ్యాల్టికీ ఆ పైపులో గ్యాసు పోతంది. ఇంతకన్నా సాక్ష్యం ఏటి కావాల ఆల్లకి?

అల్లుడు: ఆ ఫిల్ము నీ దగ్గరుందా?

మావ: నా కాడెందుకుంటది? క్యూసీ ఆపీసులో ఉంటది.

అల్లుడు: నీ దగ్గరున్న సర్వీస్ సర్టిఫికెట్‌లో ఏముంది?

మావ: హెల్పరు.

అల్లుడు: అక్కడితో ఆగదు మావా. నీది పదో తరగతి పాసవ్వని పాస్‌పోర్టు. యూఏఈకి వెళ్లేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకున్నావు. 1983 చట్టం కింద మన ప్రభుత్వం దగ్గరే నీ ఉద్యోగం పేరు రాసి ఉంది. అక్కడా హెల్పరే. ఇప్పుడు ఏజెంటు చేత అబుదాబికీ వెల్డరని లెటరు చేయించావంటే, నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పుకున్నట్టు.

మావ: అంటే ఆడు జీతం తగ్గించడానికి హెల్పరని రాసీసినాడు. ఆడి దొంగతనం నా కాయితమైపోనాదా?

అల్లుడు: అయిపోయింది.

మావ: మరి నన్నెందుకు దొంగోడంటారు?

దీనికి అల్లుడు జవాబు చెప్పలేదు. నాకూ దొరకలేదు. సప్లై కంపెనీల కింద వెళ్లిన మనవాళ్లలో వీసా మీద క్లీనరు, లేబరు, హెల్పరు అని ఉండి వెల్డింగో స్కాఫోల్డింగో చేసినవాళ్ల కథ ఇదే. యజమాని రాసిన పేరే నిజమని పరాయి దేశపు అధికారి నమ్ముతాడు. పని చేసినవాడు అవతల పక్షంవాడైపోతాడు.

అల్లుడు: అలాగని అది పూర్తిగా పనికిరాకుండా పోలేదు. నీ టెస్టు సర్టిఫికెట్టు ఉందా, వెల్డరు క్వాలిఫికేషన్ది?

మావ: ఉండేది. అగ్రిమెంటుతో పాటు రేకుపెట్టెలో ఎట్టినాను. తిత్లీకి పోనాది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గర్లోనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొబ్బరి మళ్లీ కాపుకొచ్చేదాకా ఆగలేక ఆ మరుసటేడు సింగపూరు ఎక్కినవాళ్లలో మావ ఒకడు. వానకు తడిసి ముద్దైన రేకుపెట్టెల లెక్క ఏ నష్టపరిహారం జాబితాలోనూ చేరదు.

మావ: కాయితం తడిసిపోతే సెయ్యి మర్సిపోద్దేటి? పైపు ముక్క ఇయ్యమను. గంటలో కొట్టి సూపిస్తాను.

అల్లుడు: ఒక సంగతడుగుతాను. నువ్వు పాసైన టెస్టు ఏ కోడుది?

మావ: ఏఎస్ఎంఈ. సెక్షన్ నైన్.

అల్లుడు: ఆ కోడేమంటుంది? ఆ ప్రాసెస్‌తో ఆరు నెలలు వెల్డింగు చెయ్యకపోతే క్వాలిఫికేషను పోతుంది. చేశావనడానికి లాగ్ రాసిపెట్టుకోవాలి. కెనడావాడి మాట వదిలెయ్. నీ పనికి రూలు రాసినవాళ్లే రాతలో లేని పనిని లెక్కపెట్టరు.

మావ: అబ్బో, బాగా సదివేసినావు. మరి ఆ కోడే ఇంకో మాట సెప్తది. పోనాది కదా అని ఇంటికి పొమ్మనదు. మళ్లీ ముక్క ఇచ్చి కొట్టమంటది. పాసైతే మళ్లీ వెల్డరే. ఎన్నేళ్లు సేసినావు, ఎవుడి కాడ సేసినావు అని అడగదు. నానడిగేది అదే. ఎట్టండి టెస్టు!

అల్లుడు: ఆస్ట్రేలియా దాదాపు అదే చేస్తుంది. ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా అని ఒక సంస్థ ఉంది. నీ ట్రేడు తెలిసినవాడు ఎదురుగా కూర్చుని ప్రశ్నలేస్తాడు. కొన్ని ట్రేడ్లకి చేతిపని పరీక్ష కూడా ఉంటుంది. కానీ అక్కడా ముందు కాగితాలే. కాగితాల గుమ్మం దాటాకే నీ చెయ్యి చూస్తారు. కెనడాలో ఏదో ఒక రాష్ట్రం ట్రేడు సర్టిఫికెట్టు ఇస్తే అది గొప్ప బలం. దానికీ ముందు పని గంటల రుజువే అడుగుతారు.

మావ: గంటలంటే నాకెవులూ సాటి రారు. షట్‌డౌన్‌లో రోజుకి పన్నెండు, వారానికి డెబ్భై రెండు.

అల్లుడు: వారానికి ముప్పై గంటలే లెక్క.

మావ: ఏటీ?

అల్లుడు: కెనడా లెక్కలో వారానికి ముప్పై గంటలు చేస్తే ఫుల్ టైము. ఏడాదికి 1560. ఆ పైన ఎన్ని చేసినా కలపరు. స్కిల్డ్ ట్రేడ్స్ పథకానికి రెండేళ్లు కావాలి. అంటే 3120 గంటలు. నువ్వు వారానికి డెబ్భై రెండు చేసి ఏడాదిలోనే ఆ గంటలు దాటేశానన్నా ఒప్పుకోరు. రెండేళ్లు గడవాల్సిందే.

మావ: అంటే మిగతా నలభై రెండు గంటలు నాను సెయ్యనట్టేనా?

అల్లుడు: చేశావు. వాళ్లకి అక్కర్లేదు.

మావ నవ్వాడు. కోపంతో నవ్వాడో, నిజంగానే నవ్వొచ్చిందో పోల్చుకోలేకపోయాను. కాస్సేపాగి తన అక్క సంగతి ఎత్తాడు. అల్లుడి తల్లి కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో చాలా ఏళ్లుగా పప్పు గ్రేడింగు చేస్తోంది.

మావ: మీయమ్మ సేతిలోకి గుప్పెడు పప్పు తీసుకుంటే డబ్ల్యూ 240 ఏదో, 320 ఏదో కంటితోనే ఏరీస్తది. పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయో కాటా అక్కర్నేదు దానికి. కిలోల లెక్కన కూలి, సేతిలో డబ్బులు. రేపు ఎవుడైనా నీ అనుభవానికి రుజువేదీ అంటే ఏటి సూపిస్తది? నా సంగతీ అదే. అంతకుముందు మన తాతలు రంగం ఎల్లినారు. ఆల్ల పనికి రుజువేటి? మేస్త్రి కాతా పుస్తకం. ఆడు రాసిందే లెక్క. ఇప్పుడు సప్లై కంపెనీవోడు రాసిందే లెక్క. ఏటి మారింది అల్లుడా?

అల్లుడు: ఒకటి మారింది. తాత దగ్గర ఫోను లేదు, నీ దగ్గరుంది. తియ్యి. సింగపూరులో జీతం కాగితాలు వాట్సప్‌లో వచ్చేవా, లేదా?

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్ర కూలీలు బర్మా వెళ్లిన రోజుల్లో రంగూన్ రేవులో పని మేస్త్రీల చేతుల మీదుగానే దొరికేది. 1930 మేలో అక్కడి తెలుగు రేవు కూలీలు సమ్మె కట్టడం, వాళ్ల స్థానంలో బర్మావాళ్లని పెట్టడం, ఆ తర్వాత రంగూన్ వీధుల్లో జరిగిన ఊచకోత చరిత్రలో ఉన్నాయి. ఏ కూలీ ఎన్నేళ్లు ఏ ఓడలో బియ్యం బస్తాలు మోశాడో లేదు. మావ ప్రశ్న బలమైనదే. కానీ ఫోను తియ్యమన్న అల్లుడి మాటతోనే సంభాషణ పనికొచ్చే దారిలో పడింది.

మావ: ఉన్నాయి. నెలనెలా ఫోర్‌మేను పంపీవోడు.

అల్లుడు: 2016 ఏప్రిల్ నుంచి సింగపూరులో ప్రతి యజమానీ వివరంగా పే స్లిప్పు ఇవ్వాలని చట్టం. బేసిక్ ఎంత, ఓటీ ఎంత, కోత ఎంత, అన్నీ ఉంటాయి. వెళ్లేముందు పర్మిట్‌కి వచ్చిన ఐపీఏ ఉత్తరం?

మావ: అది మీ అత్త కాడుంది. కంపెనీ మాత్రం లేదు. 2023లో మూసీసినాడు.

అల్లుడు: కంపెనీ మూతపడితే మూతపడిందని చెప్తాం. అక్కడి కంపెనీల రిజిస్ట్రీలో రుసుము కడితే ప్రొఫైలు ఇస్తారు. ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు కొట్టేశారు అన్నీ అందులో ఉంటాయి. లెటరు ఎందుకు తేలేకపోయావో దానికి అదే జవాబు. ఐపీఏలో నీ ఉద్యోగం పేరు, జీతం. పే స్లిప్పులు. జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు. పాస్‌పోర్టులో వెళ్లిన ముద్ర, వచ్చిన ముద్ర. ఇవన్నీ ఒకే కథ చెప్పాలి. ఆ మీద ఫోర్‌మేను చేత ఒక ప్రమాణపత్రం. నువ్వు ఏం వెల్డింగు చేశావో, ఎవరి కింద చేశావో, వారానికెన్ని గంటలో ఆయన మాటల్లోనే.

మావ: ఇవన్నీ ఇస్తే ఒప్పీసుకుంటారేటి?

అల్లుడు: ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కంపెనీ లెటర్‌హెడ్ మీద నీ పేరు, హోదా, పనులు, తేదీలు, వారానికి గంటలు, జీతం, పై అధికారి పేరు, సంతకం, ఫోనూ ఈమెయిలూ, ఇదీ వాళ్లు అడిగే అసలు కాగితం. అది లేనప్పుడు మిగతావి చూసే అధికారం ఆఫీసరు చేతిలో ఉంది. నమ్మేలా పేర్చడం మన పని.

మావ: కరోనాకి డార్మిటరీలో తాళం ఏసీసిన నెలలు? ఏప్రిల్లో మొదలెట్టి నెలల తరబడి బయటికి వొదల్నేదు. జీతం బేసిక్ ఇచ్చినారు.

అల్లుడు: అది మనమే ముందు చెప్పాలి. 2020లో ఇన్ని నెలలు జీతం పడింది, పని లేదు అని. ఆ నెలలు తీసేసినా నీకు రెండేళ్లు దాటుతాయి. వాళ్లు అడిగేదాకా దాచావంటే మిగతా నెలల మీదా అనుమానం పడుతుంది.

మావ: ఆ తర్వాత జామ్‌నగర్.

అల్లుడు: రిఫైనరీ షట్‌డౌన్లు. పీఎఫ్ కోశారా?

మావ: కోసినారు. యూఏఎన్ ఉంది.

అల్లుడు: ఇంకేం కావాలి! పీఎఫ్ పాసుబుక్కులో ఏ నెల ఏ కాంట్రాక్టరు డబ్బు కట్టాడో ఉంటుంది. పని లేని నెలలు కూడా కనిపిస్తాయి, కనిపించనీ. ఆ కాంట్రాక్టరు ఇంకా ఉన్నాడు కాబట్టి లెటరు అడుగు. డ్రాఫ్టు నేను రాసిస్తాను. కెనడా వాక్యాలు కాదు, నువ్వు కొట్టిన పైపుల సైజులు, మెటీరియలు, ప్రాసెస్సు. ఇప్పుడు అసలు సంగతి విను. ట్రేడ్స్ పథకంలో వాళ్లు చూసేది దరఖాస్తుకి ముందు ఐదేళ్లు. దరఖాస్తుదారులకి కెనడావాళ్లు వేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ర్యాంకులో కూడా విదేశీ అనుభవం మూడేళ్లు దాటాక పాయింట్లు పెరగవు. సింగపూరు, జామ్‌నగర్ చాలు. నువ్వు డబ్బుపోసి కొన్న టెక్కలి కాగితం నిజమైనదైనా ఎవరూ లెక్కపెట్టరు.

ఈ మాటతో మావ తేలికపడతాడనుకున్నాను. పడలేదు.

మావ: పద్నాలుగేళ్లు సేసినాను.

అల్లుడు: తెలుసు మావా. వాళ్లకి మూడు చాలు.

మావ: ఆల్లకి సాలొచ్చు. టెక్కలిలో ఎండలో క్రేను మీదెక్కి నేర్సుకున్న పని అది. ఆ నాలుగేళ్లు నేకపోతే అబుదాబి నేదు, అబుదాబి నేకపోతే సింగపూరు నేదు. ఆల్ల ఫారంలో 2019కి ముందు నాను పుట్టలేదు. ఏజెంటుకి డబ్బులెందుకిచ్చినాననుకున్నావు? పాయింట్ల కోసమా? ఒక కాయితం మీదైనా ఆ షాపు పేరు, నా పేరు పక్కపక్కన ఉంటాదని.

అల్లుడు: ఉద్యోగ చరిత్ర కాలమ్‌లో టెక్కలి రాద్దాం. అబుదాబి కూడా, హెల్పరనే. పాయింట్లు అడగకుండా ఉన్నదున్నట్టు చెప్పడానికి ఎవరూ అడ్డు లేరు. దానికి లెటరు పెట్టం, అంతే.

మావ: హెల్పరని నా సేత్తో నాను రాసుకోవాలా?

అల్లుడు: వీసా హెల్పరు, చేసింది వెల్డింగు అని వివరణ ఉత్తరంలో రాద్దాం. నమ్ముతారో లేదో వాళ్ల ఇష్టం. అబద్ధమైతే కాదు కదా.

వెల్డర్లకు ఒక మాట. మూడేళ్ల కిందటి ఫోర్‌మేను నంబరు ఇవాళ పనిచేస్తుందో లేదో. సింగపూరులో పని మానినవాడి జీతం రికార్డులు యజమాని ఏడాది దాచితే చట్టం తృప్తిపడుతుంది. గల్ఫులో క్యాంపు మారితే సూపర్‌వైజరూ మారతాడు. టెస్టు పాసైన రోజే సర్టిఫికెట్టు ఫొటో తీసి ఇంటికి పంపడానికి అర నిమిషం పడుతుంది. దేశం వదిలే నెలలోనే లెటరు అడిగితే ఇస్తారు. పదేళ్ల తర్వాత అడిగితే ఎవరికీ నువ్వెవరో గుర్తుండదు. గట్టిగా అడిగితే పని ఊడుతుందేమోనన్న భయం నిజమే, నేనేమీ కొట్టిపారెయ్యను. అందుకే చివరి జీతం చేతికొచ్చిన రోజు అడగమంటున్నాను.

అల్లుడు: ఇంకో రెండు గుమ్మాలున్నాయి, ముందే చెప్తున్నాను. ఒకటి, కెనడా యజమాని నుంచి కనీసం ఏడాది ఉద్యోగపు ఆఫరు ఉండాలి, లేదా అక్కడి రాష్ట్రం సర్టిఫికెట్టు. 2023 నుంచి ట్రేడ్స్ వాళ్లకి వేరుగా డ్రాలు తీస్తున్నారు, వెల్డరు ఆ జాబితాలో ఉన్నాడు, నిజమే. కానీ ముందు పథకానికి అర్హత ఉండాలి. రెండోది ఇంగ్లీషు. ఐఎల్‌టీఎస్‌లో మాట్లాడడం, వినడం 5. చదవడం 3.5, రాయడం 4.

మావ: మాటాడ్డం, ఇనడం పర్లేదు. ఫిలిప్పీను ఫోర్‌మేన్లతో నాలుగేళ్లు తిట్లు తిన్నాను. రాయడం...

అల్లుడు: ఏజెంటుకి ఎంతిచ్చావు?

మావ: సగమిచ్చినాను. మిగతా సగం వీసా వొచ్చినాక.

అల్లుడు: మిగతా సగం ఇవ్వకు. దాంతో ఆర్నెల్లు ఇంగ్లీషు నేర్చుకో.

మావ: ఇవ్వను. అయినా ఒకటి సెప్తున్నాను, ఇను. నీ మాటకి ఒప్పుకుని కాదు. కాయితం నేదు కాబట్టి పని నేదనీసినోడితో నాకు జీవితాంతం పేచీయే. ఆడు ఆపీసరైనా సరే, నువ్వైనా సరే.

అల్లుడు: పేచీ పెట్టుకో. సింగపూరు ఫోర్‌మేను నంబరుందా?

మావ: ఉంది. తమిళోడు, తూత్తుకూడి. ఇప్పుడు ఆడికి ఖాళీయే. నువ్వు మాటాడు, నాను మాటాడితే బూతులు తప్ప ఇంకేటీ రావు.